ఇంట్లో ఫోన్ ఉంటే ఆమెకు ఉన్నట్టేనా? డిజిటల్ అంతరంపై అపోహలు - వాస్తవాలు

ఆడవాళ్లకు డిజిటల్ శిక్షణ ఇవ్వడం, అక్కడ చూసినదాన్ని బట్టి పథకాలు తయారుచేసేవాళ్లకు సలహాలివ్వడం నా పని. సమావేశాల్లో కొన్ని మాటలు పదే పదే వినిపిస్తుంటాయి. మంచి ఉద్దేశంతోనే అంటారు. కానీ వాటిని నమ్మి పథకం వేస్తే డబ్బు ఖర్చయిపోతుంది, ఫోన్, ఇంటర్నెట్ వాడకంలో ఆడ మగ తేడా మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

అపోహ: ఇంటింటికీ ఫోన్ వచ్చేసింది, ఇంకా తేడా ఎక్కడిది?

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే అని నా నమ్మకం. సర్వేకి వచ్చినవాళ్లు "మీ ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందా?" అని అడుగుతారు. ఇంటాయన ఉందంటాడు. టిక్కు పడుతుంది. ఆ ఫోన్ పొద్దున్నే ఆయన జేబులో బయటికి వెళ్లి, రాత్రికి గానీ ఇంటికి రాదన్న సంగతి ఆ గడిలో ఎక్కడా కనపడదు.

ఒక శిక్షణలో జరిగింది చెబుతాను. ఒకామె ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపుతోంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పేరు, పుట్టిన తేదీ, చిరునామా అన్నీ తనే టైపు చేసింది. చివర్లో ఓటీపీ అడిగింది. నంబరేమో భర్తది, ఆయనేమో పనిలో ఉన్నాడు. పక్కనున్నామె ఫోన్ తీసుకుని చేస్తే ఎత్తలేదు. రెండోసారి ఎత్తాడు గానీ అంకెలు చెప్పేలోపు గడువు అయిపోయింది. మళ్లీ పంపిస్తే కంగారులో పాత మెసేజ్‌లోని అంకెలు చదివాడు. కాసేపటికి పేజీ లాక్ అయిపోయింది. "రేపొస్తానండీ" అని లేచి వెళ్లింది. మర్నాడు రాలేదు.

లెక్కల్లో మాత్రం ఆమెది ఫోన్ ఉన్న ఇల్లు, ఆమె శిక్షణ పొందిన మహిళ. నేర్చుకోవడం చేతకాక ఆమె ఆగిపోలేదు. ఇంటికో నంబర్ ఉంటే చాలనుకున్నవాళ్లు తయారుచేసిన ఫారం ఆమెను ఆపేసింది. ఓటీపీ అందనివాళ్లు మనిషిగా వచ్చి నిరూపించుకునే దారి ఒకటి పెట్టి ఉంటే ఆ రోజే పని అయిపోయేది.

ఐక్యరాజ్యసమితి 2015లో ఒప్పుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు ఎంతవరకు వచ్చాయో కొలిచే సూచికల్లో 5.బి.1 ఒకటి. సొంత మొబైల్ ఉన్నవాళ్లు ఎంతమందో, ఆడవాళ్లను మగవాళ్లను విడివిడిగా లెక్కపెట్టమంటుంది. ఇల్లిల్లూ లెక్కపెడితే సరిపోదు, మనిషి మనిషినీ అడగాలి. విధానం మార్చాలంటే ముందు సర్వే ప్రశ్న మార్చాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: టవర్లు వేస్తే మిగతాది అదే సర్దుకుంటుంది.

మొబైల్ సంస్థల అంతర్జాతీయ సంఘం జీఎస్ఎంఏ లెక్క ప్రకారం 2023 చివరికి ప్రపంచ జనాభాలో మొబైల్ ఇంటర్నెట్ సిగ్నల్ అందనివాళ్లు దాదాపు 4 శాతమే. సిగ్నల్ ఉండీ వాడనివాళ్లు దాదాపు 39 శాతం! ఇప్పుడు డబ్బూ శ్రద్ధా ఎక్కువ కావాల్సింది ఈ రెండో గుంపుకి.

అపోహ: కాలం గడిస్తే తేడా దానంతటదే పోతుంది.

పోదు. తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లో మొబైల్ ఇంటర్నెట్ వాడకంలో ఆడవాళ్లు మగవాళ్లకన్నా ఎంత వెనకబడ్డారో చూడండి: 2017లో 25 శాతం, 2020లో 15, 2021లో 16, 2022లో 19, 2023లో మళ్లీ 15. తగ్గినట్టే తగ్గి పెరిగింది. నేను చూసినంతలో ఇల్లు గడవడం కష్టమైతే మొదట ఆగిపోయేది ఆమె రీఛార్జే.

అపోహ: ఆడవాళ్లకు పెద్దగా ఆసక్తి లేదు.

ఈ మాట ఎవరి ముందు అడిగితే వచ్చిందో చూడాలి. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని ఉంటే "నాకెందుకండీ" అంటారు. విడిగా అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది: ఏది నొక్కితే ఏం పోతుందోనని టెన్షన్, ఎవరితో మాట్లాడావని నిలదీస్తారన్న భయం, చదవడం రాదన్న సిగ్గు. ప్రపంచంలో చదువురాని పెద్దవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు ఆడవాళ్లే. అలాంటప్పుడు ప్రభుత్వ యాప్ అంతా అక్షరాలతో నింపి, వాడటం లేదని ఆమెను అంటే ఎలా? మాటతో నడిచే సేవలు, ఆడవాళ్లే నేర్పే తరగతులు, పిల్లల్ని వెంట తెచ్చుకునే వీలు పెట్టి చూడండి. మా తరగతుల్లో వేళ మధ్యాహ్నానికి మార్చగానే వచ్చేవాళ్లు పెరిగారు.

అపోహ: ఉచితంగా ఫోన్లిస్తే పనైపోతుంది.

ఫోన్ ఇవ్వడానికి నేను వ్యతిరేకం కాదు. కొనలేకపోవడం నిజంగానే పెద్ద అడ్డంకి. కానీ ఇచ్చిన కొన్నాళ్లకు వెళ్లి "ఆ ఫోన్ ఇప్పుడెవరి దగ్గరుంది?" అని అడగాలి. "అబ్బాయి చదువుకుంటున్నాడండీ, వాడి దగ్గరుంది" అన్న జవాబు నేను చాలాసార్లు విన్నాను. సిమ్ సంగతీ అంతే. దానికి గుర్తింపు కార్డు కావాలి. పేద దేశాల్లో కార్డు లేనివాళ్లు మగవాళ్లలోకన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ. కాబట్టి ఫోన్‌తో పాటు కార్డు, ఆమె పేరు మీదే సిమ్, కొన్ని నెలల డేటా కలిపి ఇవ్వాలి.

అపోహ: ఆన్‌లైన్ వేధింపులు పోలీసులు చూసుకోవాల్సినవి, డిజిటల్ విధానానికి సంబంధం లేదు.

ఒక్క చెత్త మెసేజ్ వస్తే చాలు, ఇంట్లోవాళ్లు ముందు లాక్కునేది ఆమె ఫోనే. ఆరు నెలల శిక్షణ ఆ పూటతో వృథా. గుట్టుగా ఫిర్యాదు చేసే దారి, త్వరగా తొలగించే ఏర్పాటు, దానికి నిధులు పథకంలోనే ఉండాలి.

అపోహ: ఇది మహిళా శాఖ పని.

టవర్లు, సిమ్ నిబంధనలు, ధరలు టెలికాం శాఖ చేతిలో ఉంటాయి. చాలా దేశాల్లో టెలికాం కంపెనీల ఆదాయంలో కొంత భాగం సార్వత్రిక సేవా నిధికి వెళుతుంది. అందులో ఆడవాళ్ల కోసం విడిగా వాటా పెట్టించడం మహిళా శాఖ ఒక్కదానివల్ల అయ్యేది కాదు. ఈ అంతరాన్ని 2030 నాటికి సగానికి తగ్గిస్తామని జీ20 దేశాలు 2023లో మాటిచ్చాయి. అందుకే ఎవరైనా కొత్త పథకం ముసాయిదా పంపితే నేను ముందు తిప్పేది బడ్జెట్ పేజీయే. ఆడవాళ్లకని విడిగా ఒక పద్దు ఉందా, ఆ డబ్బుకి జవాబు చెప్పాల్సిన అధికారి ఎవరు అని చూస్తాను.