గొంతు ఒక్కటే ఉంటే చాలదు: టీవీ నటన, డబ్బింగ్ గురించి అపోహలు - వాస్తవాలు

"అక్కా, నా వాయిస్ చాలా స్వీట్‌గా ఉంటుందని అందరూ అంటారు, డబ్బింగ్‌లో ఒక్క చాన్స్ ఇప్పించరూ?" నాకొచ్చే మెసేజీల్లో సగం ఇవే. మిగతా సగం "సీరియల్ వాళ్లు ఇంట్లో కూడా పట్టుచీరలతోనే పడుకుంటారా" అనే రకం. రేడియో నాటకాలతో మొదలుపెట్టి, సీరియళ్లలో వదినగా, పిన్నిగా, ఈమధ్య అత్తగా కనిపిస్తూ, షూటింగ్ లేని రోజుల్లో కృష్ణానగర్, యూసుఫ్‌గూడ డబ్బింగ్ థియేటర్లలో ఇంకొకరి పెదాలకు మాటలు అందిస్తూ బతుకుతున్నదాన్ని. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక లేక అన్నీ ఇక్కడే చెప్పేస్తున్నాను.

అపోహ: గొంతు బాగుంటే డబ్బింగ్ చెప్పేయొచ్చు.

వాస్తవం: తీయని గొంతుకేం, వీధికి పదిమందికి ఉంటుంది. థియేటర్‌లో పరీక్ష జరిగేది చెవికి. హెడ్‌ఫోన్స్‌లో పైలట్ ట్రాక్ వేస్తారు. అంటే సెట్‌లో ఆ నటి అన్న మాటలు, జనరేటర్ హోరుతో సహా. ఆమె ఎక్కడ ఊపిరి తీసింది, ఏ మాట ముందు తటపటాయించింది, ఎక్కడ గుటక మింగింది, ఇవన్నీ ఒకటి రెండుసార్లు వినగానే పట్టేయాలి. పట్టిన వెంటనే ఆ కొలతలోనే మన తెలుగు చెప్పాలి, అదీ చదువుతున్నట్టు కాకుండా.

పెదాల సంగతి ఇంకో తలనొప్పి. ప, బ, మ పలికితే పెదాలు కలుస్తాయి. తెర మీద కలిసినచోట మన మాటలో కలవకపోతే, చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో తేడా కొడుతుంది. హిందీ సీరియల్‌లో పిల్ల "మాఫ్ కర్ దో" అంటుంది. మన పేపర్‌లో "క్షమించు" అని ఉందనుకోండి, మొదటి అక్షరానికే దొరికిపోతాం. "మన్నించు" అంటే చక్కగా కూర్చుంటుంది. పైగా హిందీ మాటలు చాలావరకు హల్లుతో ఆగిపోతాయి, మనవి అచ్చుతో సాగుతాయి. అక్కడ నోరు మూతపడ్డాక ఇక్కడ మన "అండీ" ఇంకా మోగుతూనే ఉంటుంది. రాసే ఆయన ఎంత జాగ్రత్తపడినా కొంత మిగులుతుంది. దాన్ని మైకు ముందు నిలబడి మనమే సర్దుకోవాలి.

వీటికి తోడు రియాక్షన్లు. వెక్కిళ్లు, మెట్లెక్కిన ఆయాసం, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడటం, తలుపు చాటున వినేవాళ్ల ఉలికిపాటు. డైలాగ్ పేపర్‌లో ఇవి ఉండవు, తెర చూసి ఇవ్వాల్సిందే. కొత్తవాళ్లను ముందు క్రౌడ్‌కి పిలిచేది అందుకే. పెళ్లిపందిట్లో గోల, ఆసుపత్రి వరండాలో గుసగుసలు... ఆ గుంపులో నలిగినవాళ్లే తర్వాత క్యారెక్టర్లు చెబుతారు. క్రౌడ్ నామోషీ అనుకునేవాళ్లు నెల తిరక్కుండానే కనిపించరు.

అపోహ: తెలుగు రాని హీరోయిన్లకు మాత్రమే డబ్బింగ్ చెబుతారు. ముఖం బాగోనివాళ్లే డబ్బింగ్‌లోకి వస్తారు.

వాస్తవం: రెండో మాటకు నేను సమాధానం చెప్పనక్కర్లేదు, పేర్లే చెబుతాయి. 1978లో 'మరో చరిత్ర' హీరోయిన్ సరిత, తర్వాత ఎందరు హీరోయిన్లకు గొంతిచ్చారో మీకు తెలుసు. 1967 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడు రోజారమణి గారూ అంతే. ఎస్.పి. శైలజ, సునీత పాటతో పాటు మాట కూడా చెప్పినవాళ్లు. మగవాళ్లలో రాజశేఖర్ అంటే సాయికుమార్ గొంతే. 'అరుంధతి' (2009)లో సోనూ సూద్ ముఖం, రవిశంకర్ గొంతు కలిస్తేగాని విలన్ పశుపతి పుట్టలేదు. డబ్బింగ్ కళాకారులకు నంది అవార్డు ఇచ్చిన రాష్ట్రం మనది. ఆ గౌరవం ఊరికే రాలేదు.

ఇక భాష రాకపోవడం ఒక కారణం, అంతే. 'ఏ మాయ చేసావె' (2010)లో సమంతకు గాయని చిన్మయి చెప్పారు. ఆ జోడీ జనం చెవిలో ఎంతగా నాటుకుపోయిందంటే, 2018లో 'మహానటి'కి సమంత తానే చెప్పుకుంటే అది వార్త అయింది. మరోవైపు సాయిపల్లవి 'ఫిదా' (2017)కి తెలంగాణ యాస నేర్చుకుని తానే చెప్పింది. ఆ సినిమాకు నాలాంటివాళ్లు చెప్పి ఉంటే ఇంకాస్త శుద్ధంగా ఉండేదేమో గానీ, ఆ పొగరు వచ్చేది కాదు. మా పొట్ట కొట్టే మాటే అయినా నిజం నిజమే.

సీరియళ్లలో కన్నడ, మలయాళ అమ్మాయిలు ఎక్కువ. మలయాళం 'కరుత్తముత్తు'లో చేసిన ప్రేమీ విశ్వనాథ్‌నే 2017లో 'కార్తీకదీపం'కు తెచ్చుకున్నారు, ఇంటింటికీ వంటలక్క అయింది. ముఖం ఆవిడది, తెలుగు మరొకరిది. ఇద్దరూ కలిస్తేనే ఆ సీరియల్ నాయిక దీప.

అపోహ: సీరియల్‌లో డైలాగులు నేర్చుకోనక్కర్లేదు, వెనక నుంచి అందిస్తారు. అదేం నటన?

వాస్తవం: ప్రాంప్టింగ్ ఉంది, దాచడానికేం లేదు. పొద్దున కాల్షీట్‌కి వచ్చాక చేతికందే సీన్లను రాత్రిలోగా తీసేయాలి. కెమెరా పక్కన అసిస్టెంట్ డైరెక్టర్ ఒక్కో ముక్క చదువుతుంటే మనం అంటాం. మీరొకసారి ఇంట్లో ప్రయత్నించి చూడండి. ఒక చెవితో రాబోయే ముక్క వినాలి, నోటితో ఇప్పటి ముక్క అనాలి, ముఖంలో మాత్రం ఎదుటివాళ్ల మాటకు కుమిలిపోతున్నట్టు ఉండాలి. విన్నది ముఖంలో తెలిసిపోయిందంటే షాట్ పోయినట్టే. ఇందులో తమాషా ఏమిటంటే, రేపు ఆ సీన్‌కి డబ్బింగ్ చెప్పేవాళ్ల హెడ్‌ఫోన్స్‌లో ఆ అసిస్టెంట్ గొంతు కూడా వినిపిస్తుంది. విలన్ అత్త ఏడుపు మధ్యలో ఓ కుర్రాడు "నా కాపురం కూల్చేశావు కదే" అని చప్పగా అంటుంటాడు. నవ్వాపుకోవడం కూడా ఈ వృత్తిలో భాగమే.

అపోహ: ఆ చీరలు, నగలు అన్నీ కంపెనీవే.

వాస్తవం: చాలా సీరియళ్లలో మావే. కంటిన్యుటీ కోసం, అంటే కథలో ఒకే రోజు జరిగే సీన్లన్నిటా ఒకేలా కనిపించడానికి, ఒకే చీరను వారం రోజులు కట్టుకోవాల్సి వస్తుంది కూడా. వచ్చే డబ్బులో బీరువా వాటా పెద్దది. ఇంతకంటే చెబితే మా ఆయన చదువుతాడు.

అపోహ: కార్టూన్లలో పిల్లల గొంతులు పిల్లలవే.

వాస్తవం: చాలావరకు ఆడవాళ్లవి. జపాన్‌లో డోరేమాన్‌కు 1979 నుంచి 2005 దాకా గొంతిచ్చింది నోబుయో ఒయామా అనే నటి. డ్రాగన్ బాల్ గోకు పెద్దవాడైనా మసాకో నొజావా గొంతుతోనే మాట్లాడతాడు. మగపిల్లల గొంతు పన్నెండు, పదమూడేళ్లకు మారిపోతుంది, కార్టూన్ మాత్రం ఏళ్ల తరబడి నడుస్తుంది. మన దేశంలో బాలనటుల చేత రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించకూడదన్న నిబంధన కూడా ఉంది. అది ఉండాల్సిందే. పెద్దవాళ్లం పిల్లాడి గొంతు పెట్టేటప్పుడు కీచుగా అరవడం కాదు, వాక్యం పూర్తికాకుండానే తర్వాతి వాక్యానికి పరుగెత్తడం నేర్చుకోవాలి. దానికి మేనల్లుళ్ల దగ్గర కూర్చుని వినడం మించిన శిక్షణ లేదు.

అపోహ: కరక్కాయ బుగ్గన పెట్టుకుంటే, మిరియాల పాలు తాగితే గొంతు ఎంత అరిచినా చెడదు.

వాస్తవం: నాటకాలవాళ్ల నుంచి వచ్చిన అలవాటు, నా సంచిలోనూ కరక్కాయ ఉంటుంది. లాలాజలం ఊరుతుంది, హాయిగా ఉంటుంది. అంతవరకే. మనం మింగినది అన్నవాహికలోకి పోతుంది, మాటను పుట్టించే స్వరతంత్రులున్నది శ్వాసనాళం దారిలో. తేనె, పాలు ఏవీ వాటిని నేరుగా తాకవు. తాకితే పొలమారుతుంది! మామూలుగా మాట్లాడే ఆడమనిషి స్వరతంత్రులు సెకనుకు 200 సార్లకు అటూఇటూగా ఒకదానికొకటి తగులుతుంటాయి. శోకాలు, కేకల సీన్లో ఆ దెబ్బ ఇంకా గట్టిది. వాటికి కావాల్సింది రోజంతా గుక్కెడు గుక్కెడుగా నీళ్లు, ఆవిరి, నిద్ర, మౌనం. గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు, చాలామందిలో అది గొంతును ఇంకా బిగిస్తుంది. మాటిమాటికీ గొంతు సవరించుకోవడమూ అంతే. రాత్రి ఆలస్యంగా బిర్యానీ తిని పడుకుంటే పుల్లని త్రేన్పులతో పొద్దున గొంతు బొంగురుపోతుంది, దానికి అల్లం టీ మందు కాదు.

నేను డబ్బింగ్ ఇన్‌చార్జ్‌ని అడిగేది ఒకటే, అరుపులన్నీ చివర్లో పెట్టండి అని. మంచివాళ్లు ఒప్పుకుంటారు. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. స్వరతంత్రుల మీద కాయలు కాస్తే ముందు వాయిస్ థెరపీతోనే చాలామందికి నయమవుతుంది. "ఆపరేషన్ అంటే కెరీర్ పోతుంది" అని దాచుకుని తిరిగేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

అపోహ: ఏఐ వచ్చేసింది, ఇక మీ పని అయిపోయినట్టే.

వాస్తవం: బ్యాంకు ప్రకటనలు, రైల్వే స్టేషన్ తరహా అనౌన్స్‌మెంట్లు ఇప్పటికే జారిపోతున్నాయి. కాదనను. ఏడుపు మధ్యలో నవ్వాల్సిన సీన్ దగ్గర మాత్రం యంత్రం ఇంకా తడబడుతోంది. నా భయం యంత్రం గురించి కాదు, కాగితం గురించి. "ప్రపంచమంతటా, శాశ్వతంగా, ఇప్పుడున్న, ఇకపై రాబోయే అన్ని మాధ్యమాల్లో" అన్న వాక్యం కింద సంతకం పెడితే, ఈరోజు చెప్పిన గంటసేపు మాటతో రేపు నా గొంతునే తయారుచేసుకోవచ్చు. అమెరికాలో 2023లో నటుల సంఘం 118 రోజులు సమ్మె చేసిన కారణాల్లో ఇదొకటి. మన దగ్గర 2024 జులైలో బొంబాయి హైకోర్టు, గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును ఏఐతో అనుకరించకుండా మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. ఆయనకు పేరుంది, లాయర్లున్నారు. మనకు?

మనకున్నది కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు, అంటే నటించినవాళ్లకు, పాడినవాళ్లకు తమ ప్రదర్శన మీద ఉండే హక్కు. 2012 సవరణతో అది బలపడింది. అయితే సినిమాలో చిన్నాచితకా పని చేసి, టైటిల్స్‌లో పేరు కూడా పడనివాళ్లను ఆ నిర్వచనం నుంచి చాలావరకు పక్కన పెట్టింది కూడా ఆ సవరణే. కాబట్టి టైటిల్స్‌లో పేరు వేయమని అడగడం గొప్పల కోసం కాదు. గొంతును యంత్రాల శిక్షణకు వాడకూడదన్న ఒక్క వాక్యం చేర్చమని ఇప్పుడు నేను ప్రతిచోటా అడుగుతున్నాను. కొందరు చేరుస్తున్నారు, కొందరు మళ్లీ పిలవడం లేదు.

అపోహ: చాన్స్ కావాలంటే ఎవరికో లక్షలు కట్టాలి.

వాస్తవం: ముందే డబ్బు అడిగేవాడు చాన్స్ ఇచ్చేవాడు కాడు. యూనియన్ సభ్యత్వానికి రుసుము ఉంటుంది, అది యూనియన్ ఆఫీసులోనే కట్టి రసీదు తీసుకోండి. డబ్బు మన చేతికొచ్చేటప్పుడు 10 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకుని ఇస్తారు, అదీ చాలాసార్లు రెండు మూడు నెలల తర్వాత. ఆకాశవాణి నాటక విభాగం ఆడిషన్లు ప్రకటిస్తే తప్పకుండా రాయండి. శారదా శ్రీనివాసన్ గారిలాంటి గొంతులను ఇంటింటికీ పరిచయం చేసిన చోటు అది.

శాంపిల్ పంపేవాళ్లకు: రెండు నిమిషాలు దాటించకండి. వెనక మ్యూజిక్ వద్దు. హీరోయిన్ డైలాగులు వద్దే వద్దు, అవి అందరూ పంపుతారు. ఒక ముసలమ్మ, ఒక పదేళ్ల పిల్లాడు, కూరగాయలు బేరమాడే మనిషి, మీ ఊరి యాసలో ఒక తిట్టు. ఫైల్ పేరులోనే మీ పేరు, ఫోన్ నంబరు పెట్టండి. "వాయిస్ ఫైనల్ 2" అని వచ్చినవి మా ఇన్‌చార్జ్ తెరవడు.