ఆటలో అరటిపండు

సెలవు రోజుల్లో సాయంత్రం ఐదు దాటితే చాలు, విశాఖ సీతమ్మధారలో మా అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ స్థలంలో క్రికెట్ మొదలవుతుంది. ఒకపక్క ప్రహరీ గోడ, ఇంకోపక్క వరుసగా బైకులు, వికెట్లకు బదులు ఓ ప్లాస్టిక్ కుర్చీ. బంతి గోడ దాటితే ఔట్. బైకుకి తగిలితే రెండు పరుగులే. ఈ రూల్స్ ఏ కోచ్ చెప్పినవీ కావు. ఆ జాగా కొలతనూ బైకుల వాళ్ల కోపాన్నీ లెక్కేసుకుని పిల్లలే పెట్టుకున్నారు.

వాళ్లలో ఆరేళ్ల బుడతడు ఒకడున్నాడు. అన్న వెనకాలే వస్తాడు. జట్లు పంచుకునేటప్పుడు వాణ్ణి ఎవరూ లెక్కపెట్టరు. ఔటైనా ఔట్ కాదు, క్యాచ్ వదిలేసినా తిట్లుండవు. వాడు ఆటలో అరటిపండు. ఎప్పటి నుంచో పిల్లలు వాడుతున్న ఈ మాట వెనక గొప్ప ఏర్పాటు ఉంది. ఇంకా ఆడటం రానివాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టకుండా ఆట మధ్యలోనే ఉంచుతారు. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు పరిగెత్తాలో వాడు పక్కవాళ్లను చూసి పట్టేస్తాడు.

ఆటలు ఆడితే ఒళ్లు గట్టిపడుతుందని అందరం అంటాం. నిజమే. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. 2016 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో 11–17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మంది ఆ మాత్రం కూడా కదలడం లేదు. పెద్దయ్యాక మన ఎముకల్లో ఉండే ఖనిజాల్లో దాదాపు నాలుగో వంతు, యుక్తవయసులో ఎముక వేగంగా పెరిగే రెండేళ్లలోనే చేరుతుంది. గెంతులూ పరుగులూ అప్పుడే కావాలి. అయితే పరుగు ఒక్కళ్లమే బీచ్ రోడ్డు మీదైనా తీయొచ్చు. జట్టుతో ఆడితేనే దొరికేది వేరే ఉంది.

మా అన్నయ్య కూతురు స్కూలు జట్టులో ఖోఖో ఆడుతుంది. ఎనిమిది మంది వరుసగా, ఒకరు ఇటూ ఒకరు అటూ ముఖం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదో పిల్ల తరుముతుంది. ఒక వైపు పరుగు మొదలుపెడితే చివరి స్తంభం దాకా వెనక్కి తిరగకూడదు, వరుస మధ్యలోంచి దూరకూడదు. తప్పించుకునే పిల్లకు ఆ అడ్డు లేదు, ఎటైనా దూరుతుంది. అప్పుడు కూర్చున్న వాళ్లలో ఒకరిని వెనక నుంచి తట్టి ‘ఖో’ అనాలి.

మొన్న ఆట చూస్తున్నంతసేపూ నా కళ్లు తరిమే పిల్ల మీద లేవు, కూర్చున్న మా పిల్ల మీదే ఉన్నాయి. అవతలి జట్టు పిల్ల చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పోతోంది. దీని మడమలు పైకి లేచాయి, వేలి కొసలు మట్టిలో దిగాయి. అయినా లేవలేదు. వీపు మీద చెయ్యి పడి, చెవిలో ‘ఖో’ వినపడ్డాకే లేవాలి. ముందే లేస్తే ఫౌల్. ఆ రెండు సెకన్లూ అది ఊపిరి బిగబట్టుకునే ఉంది.

మనస్తత్వ శాస్త్రం దీన్ని నిగ్రహ శక్తి అంటుంది. చెయ్యాలని ఉన్నా చెయ్యకుండా ఆగడం. ఎవరు ఏ వైపు ముఖం పెట్టి ఉన్నారో గుర్తుంచుకోవడం, పరిస్థితి మారగానే ఆలోచన మార్చుకోవడం కూడా దీనికి తోడు. ఈ మూడింటిలోనూ నుదుటి వెనక ఉండే మెదడు భాగానిది పెద్ద పాత్ర. ఆ భాగం ఇరవైల్లోకి వచ్చేదాకా ముదురుతూనే ఉంటుంది. పిల్లవాడు తనను తాను అన్నిటికన్నా బాగా అదుపు చేసుకునేది ఆటలోనేనని రష్యన్ శాస్త్రవేత్త విగోత్స్కీ 1933లోనే చెప్పారు. ఇంట్లో రెండు నిమిషాలు కుదురుగా ఉండని పిల్ల అక్కడ రాయిలా కూర్చోవడం చూశాక ఆ మాట నాకు బాగా అర్థమైంది. ఖోఖో ఆడితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని మాత్రం నేను చెప్పను. ఆటకు అలాంటి సాకు అక్కర్లేదు.

ఇక తొండి సంగతి. మా వెనక జాగాలో ఆట కన్నా గొడవే ఎక్కువసేపు నడుస్తుంది. ‘కుర్చీకి తగిలింది’, ‘తగల్లేదు, తొండి ఆడకు.’ పైనుంచి చూసే పెద్దలకు విసుగొచ్చి ‘ఇక చాలు, పైకి రండి’ అని కేకేస్తారు. దయచేసి ఆ కేక వెయ్యకండి. పియాజే అనే స్విస్ శాస్త్రవేత్త గోలీలాడే పిల్లల దగ్గర కూర్చుని, ఈ రూల్స్ ఎక్కడి నుంచి వచ్చాయని అడిగి, వాళ్ల జవాబులను 1932లో అచ్చువేశారు. చిన్నపిల్లలకు రూల్ అంటే పెద్దలిచ్చిన శిలాశాసనం. పది, పదకొండేళ్లు వచ్చేసరికి, అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చని తెలుస్తుంది. ఆ తెలివి ఒకరు చెబితే రాదు. వాదించుకుని, అలిగి, ఆట ఆగిపోతుందేమోనని భయపడి దిగొస్తేనే వస్తుంది. కోచింగ్ క్యాంపులో విజిల్ పెద్దవాళ్ల చేతిలోనే ఉంటుంది. క్యాంపులు వద్దనను. కానీ వారంలో కొన్ని సాయంత్రాలు విజిల్ లేని ఆట కూడా ఉండాలి.

2022లో అమెరికాలో 9–13 ఏళ్ల పిల్లలు 11,000 మందికి పైగా ఉన్న సమాచారంతో ఒక అధ్యయనం వచ్చింది. జట్టు ఆటలు ఆడే పిల్లల్లో ఆందోళన, దిగులు, నలుగురిలో కలవలేకపోవడం లాంటి ఇబ్బందులు తక్కువగా కనిపించాయి. నన్ను ఆపేసింది రెండో విషయం. టెన్నిస్, జిమ్నాస్టిక్స్ లాంటి ఒంటరి ఆటలు మాత్రమే ఆడే పిల్లల్లో, ఏ ఆటా ఆడని వాళ్లకన్నా ఆ ఇబ్బందులు ఎక్కువ. ఆట వల్లే ఇలా జరిగిందని దీంతో రుజువు కాదు. కలుపుగోలు పిల్లలే జట్టులో చేరుతుండొచ్చు కూడా. అయినా ఒక కారణం నాకు కబడ్డీలో కనిపిస్తుంది. కూతకు వెళ్లి దొరికిపోయినవాడు బయట కూర్చుంటాడు. తన జట్టువాడు అవతల ఒకరిని ఔట్ చేస్తే మళ్లీ బరిలోకి వస్తాడు. తప్పు తనదే, తిరిగి తెచ్చేది ఇంకొకడు. ఒంటరి ఆటలో ఓటమంతా ఒక్క పిల్లవాడే మోయాలి.

2025 అక్టోబరులో మహిళల ప్రపంచ కప్‌లో మన జట్టు విశాఖలో వరుసగా రెండు మ్యాచ్‌లు ఓడింది, దక్షిణాఫ్రికా మీద, ఆస్ట్రేలియా మీద. నవంబరు 2న కప్పు ఎత్తింది ఆ జట్టే. అది చూసి బ్యాట్ పట్టిన ఆడపిల్లలు మా వీధిలోనూ ఉన్నారు. వాళ్లకు పన్నెండేళ్లు వచ్చాక ‘ఇక ఆటలెందుకు’ అనే మాట ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఎముకకు ఆట బాగా కావలసిన వయసు సరిగ్గా అదే.

పొట్టి పిల్లల మాట కూడా చెప్పాలి. కెనడా జూనియర్ ఐస్ హాకీ జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువని 1985లో ఒక పరిశోధన బయటపెట్టింది. అక్కడ వయసు లెక్క జనవరి 1 నుంచి. పది నెలలు ముందు పుట్టినవాడి ఎత్తును పెద్దలు ప్రతిభ అనుకున్నారు. స్కూలు సెలెక్షన్లలో మన దగ్గరా పొడుగు చూసి ఏరేవాళ్లున్నారు. ఏరివేయడం అలా మొదలైతే అరటిపండుకి చోటే ఉండదు.

పోయిన ఆదివారం ఒక జట్టులో మనిషి తగ్గాడు. బుడతణ్ణి లెక్కలో వేసుకున్నారు. రెండో బంతికే కుర్చీ కాలికి తగిలింది. ‘పర్లేదులేరా, నువ్వు అరటిపండువి కదా, మళ్లీ ఆడు’ అన్నాడు బౌలింగ్ చేసే పెద్దవాడు.

‘కాదు, ఔటే’ అని వాడు బ్యాట్ అన్న చేతికిచ్చి గోడ దగ్గర నిలబడ్డాడు.