పిల్లర్ల మీది రోడ్డు, పిల్లర్ల కింది రోడ్డు

చిరంజీవులైన పిల్లలకు,

హైదరాబాదులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పిల్లర్ల మీద అంత పెద్ద రోడ్డు పైన ఉండగా కింద ట్రాఫిక్ ఎందుకు తగ్గలేదని, పైన వేగంగా వచ్చిన కార్లు కూడా మెహదీపట్నం చేరేసరికి ఎందుకు ఆగిపోతున్నాయని మీరు అడిగారు. ఆ రోడ్డును ఎందుకు కట్టారో, అది ఎలా నిలబడిందో తెలుసుకుంటే జవాబు సులభంగా అర్థమవుతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

2008 మార్చిలో శంషాబాదులో కొత్త విమానాశ్రయం మొదలైంది. అంతవరకు బేగంపేటలో, అంటే నగరం మధ్యలోనే, విమానం ఎక్కిన జనం ఇక ఊరి దక్షిణపు అంచు దాటి వెళ్లవలసి వచ్చింది. ఆ దారిలో గుడిమల్కాపూర్, అత్తాపూర్, ఉప్పర్‌పల్లి, శివరాంపల్లి వరసగా ఉన్నాయి. మధ్యలో మూసీ నది ఉంది. రోడ్డును వెడల్పు చేయాలంటే రెండు పక్కలా ఇళ్లు, దుకాణాలు పెద్ద ఎత్తున కూలగొట్టవలసి వచ్చేది. అందుకని ఉన్న రోడ్డు మధ్యలోనే పిల్లర్లు నాటి, వాటి మీద వెళ్లడానికి రెండు వరసలు, రావడానికి రెండు వరసలు ఉండేలా 11.6 కిలోమీటర్ల రోడ్డు వేశారు. 2009 అక్టోబరు 19న అప్పటి ముఖ్యమంత్రి కొణిజేటి రోశయ్య దాన్ని ప్రారంభించారు. ప్రధానమంత్రి పదవి చేపట్టిన తొలి తెలుగువారైన పి.వి. నరసింహారావు పేరును దానికి పెట్టారు.

ఇలాంటి వంతెనలను చాలావరకు ముక్కలుగా కడతారు. కాంక్రీటు పెట్టెల వంటి ముక్కలను వేరే చోట పోతపోసి, వాహనాలు తక్కువగా తిరిగే రాత్రివేళ తెచ్చి, రెండు పిల్లర్ల మధ్య వరసగా అమర్చి, వాటి లోపలి గొట్టాల గుండా ఉక్కు తీగల కట్టలను దూర్చి, జాకీలతో బిగలాగి కట్టేస్తారు. బల్ల మీది పుస్తకాల వరసను రెండు చివరలా అరచేతులతో గట్టిగా అదిమి పైకెత్తి చూడండి. మధ్య పుస్తకాలకు కింద ఏ ఆధారమూ లేకపోయినా అవి జారిపడవు. ఉక్కు తీగలు చేసే పని అదే.

కారులో వెళ్తున్నప్పుడు చక్రాల కింద ఒక క్రమంలో వినిపించే టకటక చప్పుడుకు కూడా కారణం ఉంది. వేడికి కాంక్రీటు సాగుతుంది. ఆ 11.6 కిలోమీటర్లూ ఒకే ముక్కగా ఉన్నాయనుకుంటే, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగినప్పుడు మొత్తం మీద సుమారు మూడున్నర మీటర్లు పెరుగుతుంది. అంత పెరుగుదలకు చోటు లేకపోతే వంతెన పగిలిపోతుంది. అందుకే మధ్యమధ్య సందులు వదిలి జాయింట్లు బిగిస్తారు. మీకు వినిపించేది వాటి చప్పుడే.

ఇక ట్రాఫిక్ సంగతి. ముందు కారుకు, వెనక కారుకు మధ్య రెండు సెకన్ల ఎడం ఉండాలనుకుంటే, ఒక వరసలో నిమిషానికి 30 కార్లు, గంటకు 1,800 కార్లు ఒక చోటును దాటగలవు. పైరోడ్డు మీద సిగ్నల్ లేదు కాబట్టి అది సాధ్యమే. కానీ ఆ కార్లన్నీ మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి దగ్గర నేల మీదికి దిగి, అన్ని వైపుల నుంచి వచ్చే బస్సులతో, ఆటోలతో కలిసి ముందుకు సాగాలి. పై నుంచి నిమిషానికి 30 కార్లు దిగుతూ ఉంటే, కింద 20 కార్లకే దారి దొరుకుతోందనుకోండి. నిమిషానికి పది కార్ల చొప్పున మిగిలిపోతాయి. ఒక్కొక్క కారుకు ఏడు మీటర్ల చోటు లెక్కవేసి, రెండు వరసల్లో నిలబెట్టినా, పది నిమిషాలకు ఆ బారు 350 మీటర్లు వెనక్కి పెరిగి వంతెన మీదికి ఎక్కుతుంది. పైరోడ్డు పొడవు ఎంతైనా, వెడల్పు ఎంతైనా, దిగే చోట ఎంతమంది వెళ్లగలరో అంతమందే వెళ్లగలరు. దారి మధ్యలో ఆగవలసిన సమయాన్ని పైరోడ్డు దారి చివరకు జరిపింది, అంతే. రోడ్డు పక్కన ఖాళీ జాగా లేదు కాబట్టి, ఏ కారైనా చెడి ఆగితే రెండు వరసల్లో ఒకటి మూసుకుపోయినట్టే.

కింద ట్రాఫిక్ ఎందుకు తగ్గలేదో తెలియాలంటే పైకి ఎవరు వెళ్లగలరో చూడాలి. ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు పైన అనుమతి లేదు. వేగంగా వెళ్లే కార్ల మధ్య వాటికి ప్రమాదం ఎక్కువ కనుక ఆ నిబంధన సరైనదే. దాన్ని ఉల్లంఘించే యువకులను చూస్తే నాకు భయం వేస్తుంది. సిటీ బస్సులు అత్తాపూర్‌లోనూ ఉప్పర్‌పల్లిలోనూ ఆగి జనాన్ని ఎక్కించుకోవాలి కాబట్టి అవీ కిందే తిరగాలి. శంషాబాదు విమానాశ్రయానికి పోయే పుష్పక్ బస్సుల్లో కొన్ని మాత్రం పైనుంచి వెళ్తాయి. అంటే స్కూటర్ మీద వెళ్లేవారు, ఆటో ఎక్కేవారు, బస్సు కోసం నిలబడేవారు, నడిచేవారు అందరూ పాత రోడ్డు మీదే మిగిలారు. పైగా ఆ రోడ్డు మధ్యలో ఇప్పుడు పిల్లర్లు ఉన్నాయి.

ఆ పిల్లర్ల మీద వేసిన అంకెలు ఆ ప్రాంతానికి చిరునామాలైపోయాయి. ఫలానా పిల్లర్ నంబరు దగ్గర ఎడమకు తిరగండి అంటే ఆటో డ్రైవరుకు వెంటనే తెలుస్తుంది. దుకాణాల బోర్డుల మీద, పెళ్లి పత్రికల మీద కూడా ఆ నంబర్లు కనిపిస్తాయి. ఇంజనీర్లు తమ లెక్క కోసం వేసుకునే అంకెలను జనం ఇలా తమవి చేసుకోవడం నాకెంతో ఇష్టం.

అయితే ఆ పిల్లర్లే చూపుకు అడ్డం కూడా. యూటర్న్ తీసుకునేవారికి ఎదురుగా వచ్చే వాహనం, రోడ్డు దాటే మనిషి చివరి క్షణం దాకా కనబడరు. మీరు అక్కడ రోడ్డు దాటవలసి వస్తే పిల్లర్ చాటు నుంచి ఒక్కసారిగా బయటికి రావద్దు. డ్రైవరుకు మీరు పూర్తిగా కనిపించే చోట నిలబడి, పెద్దవారితో కలిసి దాటండి.

2025 జనవరిలో ఆరాంఘర్ నుంచి జూపార్కు వైపు సుమారు నాలుగు కిలోమీటర్ల మరో ఫ్లైఓవర్‌ను తెరిచారు. ఆ దారిన పోయేవారికి ఎంతో సమయం కలిసివస్తుంది, అందుకు నాకు సంతోషమే. కానీ ఏ ఫ్లైఓవర్‌కు ఖర్చు పెట్టినా, అందులో కొంత దాని కిందనే నడిచేవారికి మంచి ఫుట్‌పాత్‌కు, వెలుతురుకు, ముసలివారు కూడా తొందరపడకుండా దాటగల సిగ్నల్‌కు కేటాయించాలని నేను గట్టిగా కోరుకుంటాను. అత్తాపూర్‌లో కూరగాయల సంచీ పట్టుకుని రోడ్డు దాటడానికి చాలాసేపు నిలబడే అవ్వ కూడా ఆ రోడ్డు వాడకందారే.

ఆశీస్సులతో,
మీ తాతయ్య