ఎగరని విమానాలకు వేరే పద్దు: ‘క్లాస్ 26’ కథ

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ సైనిక విమానం ఒకటి చివరికి ఏమైందో వెతికేవాళ్లకు, దాని రికార్డు కార్డు మీద ‘సీఎల్-26’ (అంటే క్లాస్ 26) అన్న ముద్ర కనబడితే ఉసూరుమనిపిస్తుంది. చాలాసార్లు ఆనవాలు అక్కడితో తెగిపోతుంది. అది కూలిపోలేదు, తుక్కుకూ వేయలేదు. విమానాల పద్దులోంచి తీసి, మెకానిక్‌ల శిక్షణ సామగ్రి పద్దులో రాశారు, అంతే.

అమెరికా ఆర్మీ వైమానిక విభాగం తన సామానంతటినీ అంకెల తరగతుల కింద లెక్క రాసేది. అందులో 26వది నేల మీద శిక్షణకు వాడే విమానాలది. యుద్ధం వచ్చిపడేసరికి మెకానిక్‌లు పెద్ద సంఖ్యలో కావాల్సి వచ్చింది. కొత్త విమానాలేమో యుద్ధరంగానికే చాలడం లేదు. దాంతో పాతబడినవి, దెబ్బతిన్నవి, ప్రయోగాలు పూర్తయిన నమూనాలు ఇల్లినాయిలోని షనూట్ ఫీల్డ్ లాంటి శిక్షణ కేంద్రాలకు చేరాయి. ఇక వాటిని ఎగరనివ్వరు కాబట్టి కుర్రాళ్లు ధైర్యంగా ఊడదీసి బిగించుకోవచ్చు.

అలా షనూట్‌కు చేరినవాటిలో బెల్ కంపెనీ తయారుచేసిన ఎయిరాకుడా ఉంది. నమూనాతో కలిపి మొత్తం 13 మాత్రమే కట్టారు. రెండు ఇంజన్లకూ ప్రొపెల్లర్లు వెనకవైపు, ఒక్కో ఇంజన్ ముందు 37 ఎంఎం ఫిరంగి దగ్గర ఒక గన్నర్! నేల మీద ఉండగానే ఇంజన్లు వేడెక్కిపోవడం దీని పెద్ద జబ్బు. 1942లో మిగిలినవాటిని శిక్షణకు ఇచ్చేసి, ఆపైన తుక్కు చేశారు. ఒక్కటీ మిగల్లేదు. మెకానిక్‌కు ఇంతకంటే కష్టమైన పాఠం ఏముంటుంది లెండి!

అసలు తికమక అక్షరాలతో వస్తుంది. 1942లోనే యుద్ధానికి పనికిరావనుకున్న విమానాల పేరు ముందు ‘ఆర్’ చేర్చడం మొదలైంది. పీ-43 అనే ఫైటర్ విమానం కాస్తా ఆర్‌పీ-43 అయింది. అంతమాత్రాన అది ఎగరకూడదని కాదు, కాబట్టి దీన్ని క్లాస్ 26తో కలిపేయకూడదు. 1948 తర్వాత అదే ‘ఆర్’ నిఘా విమానాల గుర్తయింది. ‘జి’ కథా ఇంతే. 1950ల్లో జీఆర్‌బీ-36 అంటే పొట్ట కింద చిన్న జెట్‌ను మోసుకెళ్లే బాంబర్. 1962లో మూడు దళాలకూ ఒకే పేర్ల పద్ధతి వచ్చాక, ‘జి’ శాశ్వతంగా నేలకు దించేసిన విమానానికి గుర్తయింది. జీఎఫ్-16 అనేది ఆ బాపతే. సంవత్సరం చూడకుండా అక్షరాన్ని నమ్మితే బోల్తా పడటం ఖాయం.

నా దృష్టిలో బ్రిటన్ వాళ్ల పద్ధతే మేలు. శిక్షణకు మళ్లించిన విమానానికి రాయల్ ఎయిర్ ఫోర్స్ చివర ‘ఎం’ ఉన్న కొత్త నంబరు ఇచ్చేది, పాత నంబరుతో దాన్ని జతచేసి చూసుకోవచ్చు. తొలి గ్లోస్టర్ మీటియర్ నమూనాల్లో ఒకటైన డీజీ202 అలాగే 5758ఎం అయింది. ఇప్పుడు మ్యూజియంలో ఉంది.

భారత వాయుసేనలో స్పిట్‌ఫైర్ ఎంవీ293కి శిక్షణ నంబరు టీ20. పద్దు మారిందంటే ఇక ఎగరదనే లెక్క. 1970ల చివర్లో దాన్ని బ్రిటన్‌కు తీసుకెళ్లారు. అయినా బాగుచేశాక 1992లో మళ్లీ ఎగిరింది.