చెన్నై పారిశుద్ధ్య కార్మికులు: అసలు మలుపు 2000లోనే

2025 ఆగస్టులో చెన్నై కార్పొరేషన్ ఆఫీసైన రిప్పన్ బిల్డింగ్ ముందు, తమ జోన్ల పనిని ప్రైవేటు కంపెనీకి ఇవ్వొద్దని పారిశుద్ధ్య కార్మికులు 13 రోజులు ధర్నాకు కూర్చున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, దళితులు. చాలా ఇళ్లలో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. వాళ్ల తాతముత్తాతలు తెలుగు ప్రాంతాల నుంచి వలస వచ్చినవాళ్లు.

ఈ తగువుకు మూలం 2000లో ఉంది. ఆ ఏడాది చెన్నై కార్పొరేషన్ మొదటిసారి కొన్ని జోన్ల చెత్తపనిని ఓనిక్స్ అనే ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. బిల్లు టన్నుల లెక్కన. ఎంత చెత్త ఎత్తారన్నదే కార్పొరేషన్‌కు కావాలి. ఎత్తిన మనిషి జీతం, సెలవు, నడుంనొప్పి కంపెనీ చూసుకోవాలి. 2007లో కంపెనీ మారి నీల్ మెటల్ ఫనల్కా వచ్చింది, కాంట్రాక్టు మాత్రం అలాగే ఉండిపోయింది. ఈలోగా 2001లో ప్రభుత్వ ఉక్కు కంపెనీ స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఇంకో తలుపు మూసింది. కాంట్రాక్టు పద్ధతిని రద్దు చేసినంత మాత్రాన ఆ కార్మికులు అసలు యజమాని ఉద్యోగులైపోరని చెప్పింది.

5, 6 జోన్లు, అంటే రాయపురం, తిరు వి.క. నగర్, 2025 దాకా ప్రైవేటుకు పోలేదు. అక్కడి ఆడవాళ్లను పట్టణ పేదల ఉపాధి కోసం పెట్టిన కేంద్ర పథకం జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద, పొదుపు సంఘాల సభ్యులుగా పెట్టుకున్నారు. పొద్దున్నే అటెండెన్స్, మేస్త్రీ అజమాయిషీ ఉన్నా కాగితంమీద మాత్రం ఉద్యోగులు కారు.

కోవిడ్‌లో, 2023 మిచౌంగ్ తుఫాను వరదల్లో వీధులు శుభ్రం చేసింది తామేనని, ఆ జోన్లను ప్రైవేటు కంపెనీకిస్తే నెలకు 23 వేల దాకా వచ్చే జీతం 16 వేలకు పడిపోతుందని, ఏళ్ల తరబడి చేసిన పనికి పర్మనెంట్ కావాలని కార్మికులు అడిగారు. ఎవరి పనీ పోదు, పీఎఫ్, ఈఎస్ఐ వస్తాయి అంది కార్పొరేషన్. ధర్నా చోటు ఖాళీ చేయించమని హైకోర్టు చెప్పాక ఆగస్టు 13 రాత్రి పోలీసులు వాళ్లను ఎత్తుకెళ్లారు.

మర్నాడే రాష్ట్ర మంత్రివర్గం ఉచిత టిఫిన్, 10 లక్షల బీమా, ఈ పనివల్ల వచ్చే ఊపిరితిత్తుల, చర్మ జబ్బులకు ప్రత్యేక వైద్యం ప్రకటించింది. జబ్బు పనివల్లే వస్తోందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. ఆ పని ఎవరు చేయిస్తున్నట్టో, ఆ ఆడవాళ్లు ఎవరి ఉద్యోగులో ఆ ప్రకటనలో లేదు.