బోర్డర్‌లైన్ అండాశయ కణితులు: ఆపరేషన్‌కు ముందు అల్ట్రాసౌండ్ చెప్పగలిగేది

అండాశయంలో కణితి ఉందని తేలగానే అది మామూలు తిత్తా, క్యాన్సరా అన్న ప్రశ్న వస్తుంది. ఈ రెండింటి నడుమ ఇంకో రకం ఉంది. బోర్డర్‌లైన్ కణితుల్లోని కణాలు క్యాన్సర్ కణాల మాదిరిగా పొరలు పొరలుగా పెరుగుతాయి, వాటి కేంద్రకాల్లోనూ కొంత తేడా ఉంటుంది, కానీ కింది కణజాలంలోకి చొచ్చుకుపోవు. 1929లోనే హోవర్డ్ టేలర్ అనే అమెరికా వైద్యుడు వీటిని వేరుగా వర్ణించినా, ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో వీటికి చోటు దొరికింది 1973లో. వీటి బారిన పడేవారిలో సుమారు మూడో వంతు మంది 40 ఏళ్ల లోపువారే. కణితి అండాశయానికే పరిమితమై ఉన్నప్పుడు ఐదేళ్ల తర్వాత కూడా 95 శాతానికి పైగా జీవించి ఉంటారు. పిల్లలు కావాలనుకునే స్త్రీకి గర్భాశయాన్ని, రెండో అండాశయాన్ని కాపాడే ఆపరేషన్ చాలాసార్లు సాధ్యమవుతుంది కాబట్టి, కత్తి పట్టకముందే ఈ రకాన్ని అనుమానించగలగడం ఎంతో విలువైన విషయం.

చిక్కు ఏమిటంటే, కణాలు చొచ్చుకుపోయాయా లేదా అన్నది మైక్రోస్కోపులో తప్ప తేలదు. సూది గుచ్చి ముక్క తీసి చూడవచ్చు కదా అనిపిస్తుంది గానీ, అండాశయం దాటనట్లు కనిపించే కణితి విషయంలో సాధారణంగా ఆ పని చేయరు. తిత్తి చిట్లితే కణాలు పొట్టలోకి చిందే ప్రమాదం ఉంది, పైగా చిన్న ముక్కను చూసి మొత్తం కణితి స్వభావాన్ని చెప్పలేం. అందువల్ల అల్ట్రాసౌండ్ చేసేది పరోక్షంగా, బయటి రూపాన్నిబట్టి లోపలి నడతను అంచనా కట్టడమే.

ఆ రూపంలో అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసినవి తిత్తి గోడ నుంచి లోపలి ద్రవంలోకి పొడుచుకొచ్చే బొడిపెలు. కనీసం 3 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటేనే దాన్ని బొడిపెగా లెక్కించాలని అయోటా అనే అంతర్జాతీయ పరిశోధక బృందం 2000లో నిర్వచించింది. పల్చని నీళ్లలాంటి ద్రవం ఉండే సీరస్ రకం బోర్డర్‌లైన్ కణితి తరచుగా ఒకే గది ఉన్న తిత్తిగా, గోడకు ఇలాంటి ఎగుడుదిగుడు బొడిపెలు అనేకంగా అతుక్కుని కనిపిస్తుంది. యోని మార్గం ద్వారా చేసే స్కానింగ్‌లో ప్రోబ్ అండాశయానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఎక్కువ పౌనఃపున్యపు ధ్వని తరంగాలను వాడవచ్చు, వాటితో ఇంత చిన్న వివరం కూడా తేటగా తెలుస్తుంది. అప్పుడు ఒక్కో బొడిపె లోపల అతి చిన్న నీటి బుడగలు గుంపుగా ఉన్నాయేమో చూస్తారు. ఉంటే అనుమానం బలపడుతుంది. తర్వాత రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్‌ను నెమ్మదైన ప్రవాహాన్ని కూడా పట్టుకునేలా సరిచేసి, బొడిపెలోకి రక్తం వెళుతున్నదా అని పరిశీలిస్తారు. గడ్డకట్టిన రక్తం అచ్చం బొడిపెలాగే భ్రమింపజేయవచ్చు గానీ దానిలో రక్తప్రవాహం ఉండదు. పీచు కణజాలం ఎక్కువగా ఉండే హానిలేని కణితుల్లోనైతే బొడిపె ధ్వనిని పీల్చేసుకుని తన వెనుక నల్లని నీడను పరుస్తుంది. ఈ నీడను గమనించడమే కొందరిని అనవసరపు పెద్ద ఆపరేషన్ నుంచి తప్పిస్తుంది. కణితి పక్కన ఆరోగ్యకరమైన అండాశయం నెలవంకలా మిగిలి ఉండటం కూడా మంచి సూచనే, ఎందుకంటే ముదిరిన క్యాన్సర్‌లో అది అరుదుగా మిగులుతుంది.

మ్యూసినస్ రకం దారి వేరు. పేగు కణాలను పోలిన కణాలుండే ఈ కణితులు చాలా పెద్దగా పెరుగుతాయి, వాటిలో తరచుగా పదికి మించిన గదులుంటాయి, బొడిపెలు మాత్రం కనిపించకపోవచ్చు. ఒక మూలన చిన్న గదులు కిక్కిరిసి తేనెపట్టులా కనిపించే చోట స్కానింగ్ చేసేవారు ఆగి చూడాలి. ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఆపరేషన్ మధ్యలో ముక్కను గడ్డకట్టించి చేసే తక్షణ పరీక్ష కూడా ఇంత పెద్ద కణితిలో అసలైన చోటును అందుకోలేకపోవచ్చు.

గర్భిణుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గర్భాశయపు లోపలి పొరలాంటి కణజాలం గర్భాశయం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ వల్ల ఏర్పడిన తిత్తి గోడలు గర్భధారణ హార్మోన్ల ప్రభావంతో ఉబ్బి, రక్తప్రవాహం నిండిన బొడిపెలను పుట్టిస్తాయి. వాటి అంచులు నున్నగా, గుండ్రంగా ఉండటం ఒక ఆనవాలు. కొద్ది వారాల తర్వాత మళ్లీ చూస్తే తొందరపాటు ఆపరేషన్ తప్పే అవకాశం ఉంది.

అండాశయ క్యాన్సర్‌లో తరచుగా పెరిగే ప్రోటీన్‌ను కొలిచే సీఏ-125 రక్తపరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోలేం. ఎండోమెట్రియోసిస్‌లోనూ అది పెరుగుతుంది, బోర్డర్‌లైన్ కణితిలో మామూలుగానే ఉండవచ్చు. అయోటా బృందం 2014లో ప్రకటించిన అడ్నెక్స్ అనే గణిత నమూనా సీఏ-125ను వయసు, కణితి పరిమాణం, గట్టి భాగపు నిష్పత్తి, బొడిపెల సంఖ్య, నీడ వంటి మొత్తం తొమ్మిది అంశాల్లో ఒకటిగా తీసుకుని, కణితి బోర్డర్‌లైన్ అయ్యే సంభావ్యతను విడిగా లెక్కగడుతుంది. ముదిరిన క్యాన్సర్‌ను మామూలు తిత్తి నుంచి ఇది చక్కగా వేరుచేస్తుంది. బోర్డర్‌లైన్‌ను తొలిదశ క్యాన్సర్ నుంచి వేరుచేయడంలో మాత్రం అంత గట్టిగా నిలబడదు. కాబట్టి ఆ సంఖ్యను రోగికి సంభావ్యతగానే వివరించి, ఎంతవరకు తీయాలన్నది ఆమెతో కలిసి నిర్ణయించడం సరైన పద్ధతి.

అండాశయాన్ని మిగిల్చినవారికి స్కానింగ్ అవసరం అక్కడితో తీరదు. తిత్తిని మాత్రమే తీసినప్పుడు కణితి తిరగబెట్టే అవకాశం, ఆ వైపు అండాశయాన్ని పూర్తిగా తీసినప్పటికంటే ఎక్కువ. అది ఐదేళ్లు దాటాక కూడా రావచ్చు కాబట్టి, ఏళ్ల తరబడి అల్ట్రాసౌండ్‌తో గమనిస్తూ ఉండాలి.