రంగులరాట్నం తోసేవాడి ఆయాసం

"మాస్టారూ, నా కంప్యూటర్లో నీళ్ల పంపు నిమిషానికి 2800 చుట్లు తిరిగేది. ఇప్పుడు 2500 దాటడం లేదు. ప్రాసెసర్ వేడి కూడా తొమ్మిది డిగ్రీలు పెరిగింది. లోపల ఏదో అడ్డం పడి, నీళ్లు కదలక, పంపు మీద భారం పెరిగినట్టుంది. అంతేనా?"

హైదరాబాదులో వీడియో ఎడిటింగ్ చేసుకునే నా పాత విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. దసరాకు పూజ చేసినప్పుడు పెట్టిన కుంకుమ బొట్టు ఆ పెట్టె మీద ఇంకా ఉందట. వాళ్లమ్మగారు దిష్టి తగిలిందని తేల్చి, నిమ్మకాయ తిప్పి తీయమన్నారట. నిమ్మకాయతో నాకు పేచీ లేదు, దాని రసం మదర్‌బోర్డు మీద పడనంతవరకు. నా పేచీ అంతా ఆ "భారం" అన్న మాటతోనే.

నీళ్లతో చల్లబరచడం అంటే ఏమిటో చెబుతూ కూర్చోను. ట్యాంకులోని నీళ్లను పంపు ట్యూబుల్లో తిప్పుతుంది, చిప్పు మీది రాగి దిమ్మలో అవి వేడిని అందుకుని రేడియేటరులో వదిలేస్తాయి, అంతే. అసలు సంగతి పంపులో ఉంది.

దారి మూసుకుపోతే పంపు కష్టపడుతుందని మనకెందుకు అనిపిస్తుంది? చిన్నప్పుడు సైకిలు పంపు కొట్టిన చేతులు కాబట్టి. దాని మూతిని వేలితో మూస్తే పిడి దిగదు. కంప్యూటర్లో ఉండేది ఆ జాతి పంపు కాదు. అక్కడ ఒక రెక్కల చక్రం తిరుగుతూ ఉంటుంది. నీళ్లు మధ్యలోంచి వచ్చి, రెక్కల వెంట అంచుకు చేరి, విసురుగా బయట పడతాయి.

తిరునాళ్లలో చేత్తో తోసే రంగులరాట్నాన్ని తలుచుకోండి. పిల్లలు ఇరుసు దగ్గర ఎక్కి, అంచు దాకా నడిచి, అక్కడినుంచి దూకేస్తున్నారనుకుందాం (ఇంట్లో పెద్దవాళ్లు చూడనప్పుడు). ఇరుసు దగ్గర వేగం దాదాపు సున్నా. అంచుకు వెళ్లేకొద్దీ ప్రతి పిల్లవాడికీ కొత్తగా వేగం కావాలి. ఆ వేగం ఇవ్వాల్సింది రాట్నం తోసేవాడే. సెకనుకు ఎంతమంది దూకితే వాడికి అంత ఆయాసం. ఇప్పుడు బయటి గేటు మూసేశాం. దూకేవాళ్లు లేరు, కొత్తగా ఎక్కేవాళ్లూ లేరు. ఉన్న పిల్లలే గిరగిరా తిరుగుతున్నారు. తోసేవాడు ఇరుసు రాపిడికి సరిపడా చెయ్యి వేస్తే చాలు. అదే బలంతో తోస్తూ పోతే రాట్నం ఇంకా జోరందుకుంటుంది.

లెక్కలో చెప్పాలంటే, రెక్కలు ఇరుసు నుంచి అంచుకు సూటిగా ఉన్న చక్రానికి కావలసిన మెలితిప్పు బలం సుమారుగా సెకనుకు పోయే నీటి ద్రవ్యరాశి, చక్రపు వ్యాసార్థం, అంచు వేగం, ఈ మూడింటి లబ్ధం. మొదటిది సున్నా అయితే లబ్ధం సున్నా, మిగిలేది రాపిడి మాత్రమే. తరగతిలో "పైపు మూసేస్తే మోటారుకు కరెంటు పెరుగుతుందా, తగ్గుతుందా?" అని అడిగితే పెరుగుతుందని చేతులన్నీ లేచేవి. బోరు ఉన్న ఇంటి పిల్లలు మాత్రం ఆలోచనలో పడేవారు. స్టార్టరు పెట్టె మీది ఆంపియర్ల ముల్లు వాళ్లకు తెలుసు. బోరులో నీళ్లు అడుగంటితే ఆ ముల్లు పడిపోతుంది. వాక్యూమ్ క్లీనరు గొట్టాన్ని అరచేత్తో మూసి చూడండి, మోటారు కూత పెరుగుతుంది. గాలి కదలక దాని పని తేలికైందన్నమాట.

కాబట్టి దారిలో అడ్డం పడితే చుట్లు తగ్గవు, వీలైతే కాస్త పెరుగుతాయి. పంపులో గాలి బుడగ చేరినా అంతే, పిల్లలు లేని రాట్నం. చుట్లు తగ్గాయంటే తోసేవాణ్ణో (అంటే మోటారునో) ఇరుసునో అనుమానించాలి. ఇరుసు అంటే బేరింగు. ఈ పంపుల్లో చాలావాటికి బేరింగును తడిపి ఉంచేది ఆ నీళ్లే, అందుకే నీళ్లు లేకుండా నడిపితే పాడవుతుంది. రోటరు (మోటారులో తిరిగే భాగం) సందులో నలుసు ఇరుక్కున్నా ఇరుసు పట్టేసినట్టే. ఇక తోసేవాడికి "నెమ్మదిగా" అని ఎవరైనా చెప్పి ఉండవచ్చు. బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండే మూల ప్రోగ్రాము) అప్‌డేట్ అయ్యాక, అది పంపును కూడా ఒక ఫ్యానుగా లెక్కేయడంతో, చిప్పు చల్లగా ఉన్నప్పుడల్లా వేగం తగ్గించుకోవడం మామూలే. అతని సెట్టింగులు సరిగానే ఉన్నాయి. మిగిలింది తోసేవాడి తిండి, అంటే వోల్టేజీ.

మల్టీమీటరు పెట్టి చూడమన్నాను. పవర్ సప్లై దగ్గర 12.1 వోల్టులు. పంపు కనెక్టరు దగ్గర 10.6. మధ్యలో వోల్టున్నర మాయం! ప్లగ్గు ఊడదీసి ఫొటో పంపాడు. నాలుగు పిన్నుల్లో పసుపు తీగది వదులై, చుట్టూ ఉన్న తెల్ల ప్లాస్టిక్కు టీ మరక రంగుకు తిరిగింది. పంపు తీసుకునేది సుమారు ఒక ఆంపియరు. అంటే ఆ వదులు పిన్ను దగ్గరే ఒకటిన్నర వాట్లు వేడవుతోంది. గుండుసూది తలంత చోటుకు అది తక్కువేమీ కాదు.

పిన్ను మార్చాడు. చుట్లు 2870కి ఎగబాకాయి. సంబరంగా ఫోను చేశాడు. వేడి ఎంత తగ్గిందని అడిగాను. ఒక్క డిగ్రీ కూడా తగ్గలేదన్నాడు.

తగ్గదు మరి. 300 వాట్ల వేడిని నిమిషానికి నాలుగు లీటర్ల నీళ్లు మోసుకుపోతే అవి వేడెక్కేది ఒక డిగ్రీ చిల్లర. చుట్లు పది శాతం తగ్గితే నీళ్లూ దాదాపు అంతే తగ్గుతాయి, తేడా డిగ్రీలో ఎనిమిదో వంతు ఉండవచ్చు. తొమ్మిది డిగ్రీలకు ఆ పిన్ను ఎలా బాధ్యత వహిస్తుంది? పైగా నా కన్ను పడింది 2870 మీద. కొత్తలో 2800 తిరిగిన పంపు మూడేళ్లు పాతబడ్డాక 70 చుట్లు ఎక్కువ ఎందుకు తిరగాలి? గేటు మూసుకుందేమో.

వెనక్కి వచ్చే ట్యూబును లీటరు సీసాలో పెట్టి గడియారం చూడమన్నాను, ట్యాంకులో నీళ్లు అయిపోకుండా పోస్తూ. సీసా నిండడానికి 85 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి 0.7 లీటర్లు. ఆ నీళ్లలోకి 300 వాట్లు వెళ్తే ఆరు డిగ్రీలు అక్కడే పెరుగుతాయి.

రాగి దిమ్మ విప్పాడు. దానిలో దువ్వెన పళ్ల కంటే సన్నని రాగి రేకులు వరుసగా ఉంటాయి. వాటి సందుల్లో తెల్లటి జిగురు పేరుకుపోయింది. మెత్తటి పారదర్శక ట్యూబుల్లో మెత్తదనం కోసం కలిపే ప్లాస్టిసైజరు ఏళ్ల తరబడి నీళ్లలోకి ఊరి, ఇరుకైన చోటు చూసుకుని అక్కడ స్థిరపడింది. పళ్ల బ్రష్షుతో గంటసేపు తోమి కడిగాడు. ట్యూబులు రబ్బరువి వేశాడు.

లీటరు సీసా ఈసారి 16 సెకన్లకు నిండింది. వేడి మునుపటి అంకెకు దిగింది. అయినా కాస్త దిగులుగానే ఫోను చేశాడు: "అంతా బాగుంది కానీ మాస్టారూ, కడిగాక పంపు 2870 నుంచి మళ్లీ 2800కి పడిపోయింది."